కనిపించని అణువుల కోసం – లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్

గౌతమీ తీరానికి చేరువలో ఉన్న ఆలమూరులో వేసవి సాయంకాలం. గాలి స్తంభించిన వేళ ఒక ఇంటి పెరటిలో సన్నజాజులు విచ్చుకుంటాయి. ఆ పరిమళం వీధి అరుగు మీద కూర్చున్నవారిని తక్షణమే చేరదు. ముందుగా పెరటిలో, పిమ్మట వసారాలో, మరికొంత సేపటికి వీధివాకిట తెలుస్తుంది. ఈ మందగమనాన్ని గమనించినవారు, సువాసనను మోసుకువచ్చే అణువులు నత్తనడక నడుస్తాయని భావించడం సహజం. కాని వాస్తవం అందుకు పూర్తిగా విరుద్ధం. 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద గాలిలోని నైట్రోజన్ అణువుల వర్గమధ్యమూల వడి సెకనుకు సుమారు 517 మీటర్లు. ధ్వని సైతం గాలిలో అంత వేగంగా పయనించలేదు. అంతకంటె బరువైన సువాసన అణువుల వడి కూడా సెకనుకు రెండువందల మీటర్లకు పైబడే ఉంటుంది. అయినా ప్రతి అణువూ సెకనుకు కొన్ని వందల కోట్ల పర్యాయాలు పొరుగు అణువులను ఢీకొంటూ దిశ మార్చుకుంటుంది. ఒక అభిఘాతానికీ మరొక అభిఘాతానికీ నడుమ అది పయనించే దూరం సెంటీమీటరులో లక్షవ వంతు కూడా ఉండదు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనసమ్మర్దం నడుమ చిక్కుకొన్న బాలుడు ఎంత చురుకైనవాడైనా ముందుకు సాగలేనట్లే, ఆ అణువులు కూడా ఎంత పరుగెత్తినా ఉన్న చోటి నుండి త్వరగా దూరం పోలేవు.

నేడు ఈ విషయం కళాశాల విద్యార్థులకు తెలిసిన పాఠం. కాని నూట ముప్పై ఏండ్ల క్రితం ఐరోపా ఖండంలోని మహాపండితులలో కొందరు అణువులు నిజంగా ఉన్నాయనే మాటనే అంగీకరించలేదు. ఎవరి కంటికీ కనిపించని అణువుల ఉనికిని గణితం అనే సాధనంతో సమర్థిస్తూ, విమర్శలకు వెరవక జీవితమంతా నిలబడిన శాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్. భౌతికశాస్త్ర గ్రంథాలలో ఒక స్థిరాంకానికి ముందు కనిపించే ఆ పేరు వెనుక ఒక మహోన్నతమైన, విషాదభరితమైన జీవితం ఉంది.

బోల్ట్‌జ్‌మన్ 1844వ సంవత్సరం ఫిబ్రవరి 20వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరంలో జన్మించాడు. తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. ఆయన ఉద్యోగరీత్యా ఆ కుటుంబం వెల్స్, లింజ్ పట్టణాలలో నివసించింది. బాల్యం నుండి బోల్ట్‌జ్‌మన్ గణితంలోను, ప్రకృతి పరిశీలనలోను అమితమైన ఆసక్తి కనబరచాడు. లింజ్‌లో ఉన్నప్పుడు, అనంతరకాలంలో మహా స్వరకర్తగా కీర్తి గడించిన ఆంటన్ బ్రుక్నర్ వద్ద పియానో అభ్యసించాడు. సంగీతం పట్ల ఆనాడు ఏర్పడిన అనురక్తి ఆయనను చివరివరకు విడిచిపోలేదు. పదిహేనేండ్ల వయస్సులో తండ్రి మరణించాడు. తల్లి ధైర్యం కోల్పోక తన పుట్టింటి ఆస్తిని బిడ్డల చదువుకే వెచ్చించింది. ఆ తల్లి త్యాగమే ఆయన విద్యకు పునాది అయింది.

1863లో బోల్ట్‌జ్‌మన్ వియన్నా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఆయనకు ఇద్దరు ఉత్తమ గురువులు లభించారు. వారిలో ఒకరు జోసెఫ్ స్టెఫాన్; మరొకరు 1865లో వాయువుల ధర్మాల ఆధారంగా గాలి అణువు పరిమాణాన్ని తొలిసారిగా అంచనా వేసిన జోసెఫ్ లోష్మిట్. ఒకనాడు స్టెఫాన్ తన శిష్యునికి బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ రచించిన పరిశోధన పత్రాలను ఇచ్చాడు. అవి ఆంగ్లంలో ఉన్నాయి. శిష్యునికి ఆంగ్లం రాదని గ్రహించి, వాటితోపాటు ఒక ఆంగ్ల వ్యాకరణ గ్రంథాన్ని కూడా చేతికిచ్చాడు. ఒక భాషను నేర్చుకుంటూనే ఆ భాషలోని అత్యంత క్లిష్టమైన విజ్ఞానాన్ని గ్రహించిన ఆ యువకుడు 1866లో డాక్టరేటు పట్టం పొందాడు.

ఆనాటికి వాయువుల అణుచలన సిద్ధాంతం ఇంకా శైశవదశలోనే ఉంది. వాయువులోని అణువులు పాత్ర గోడలను ఎడతెగక తాకడం వల్లనే పీడనం కలుగుతుందని 1738లోనే డేనియల్ బెర్నూలీ ప్రతిపాదించాడు. అయినా శతాబ్దానికి పైగా దానిని పట్టించుకొన్నవారు అరుదు. ఈ కథలో మన దేశంలో జరిగిన ఘట్టం కూడా ఒకటి ఉంది. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నావికాదళపు యువకులకు విద్య గరపుతున్న జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లాండు దేశీయుడు, అణువుల వేగానికీ ఉష్ణోగ్రతకూ గల సంబంధాన్ని వివరిస్తూ 1845లో లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రాన్ని పంపాడు. పరిశీలకులు దానిని నిరర్థకమని త్రోసిపుచ్చారు. అది నలభై ఆరేండ్లపాటు ఆ సంస్థ భాండాగారంలో పడి ఉంది. 1891లో లార్డ్ రేలీ దానిని వెలికితీసి మరుసటి యేడు ప్రచురింపజేసేనాటికి రచయిత మరణించి ఎనిమిదేండ్లకు పైగా గడిచాయి. కాలానికి ముందు పుట్టిన భావాలకు ఆదరణ ఎంత దుర్లభమో చెప్పడానికి ఇది ఒక తార్కాణం.

1857లో జర్మనీ శాస్త్రవేత్త క్లాసియస్ ఈ సిద్ధాంతానికి తిరిగి ప్రాణం పోశాడు. అణువులు అంత వేగంగా చలిస్తే వాసన గది అంతటా క్షణంలో ఎందుకు వ్యాపించదని డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ ప్రశ్నించాడు. అభిఘాతాలే అందుకు కారణమని 1858లో క్లాసియస్ సమాధానం చెప్పాడు. ఆలమూరు పెరటిలోని సన్నజాజి పరిమళం అడిగే ప్రశ్నకూ అదే సమాధానం. ఆ తరువాత 1860లో మాక్స్‌వెల్ ఒక ముందడుగు వేశాడు. వాయువులోని అణువులన్నింటికీ ఒకే వేగం ఉండదు. కొన్ని మందంగాను, కొన్ని మిక్కిలి త్వరితంగాను, అధికభాగం ఒక మధ్యస్థమైన వడికి అటూ ఇటుగాను చలిస్తాయి. ఏ వడితో ఎన్ని అణువులు చలిస్తాయో తెలిపే సూత్రాన్ని ఆయన రూపొందించాడు. స్టెఫాన్ తన శిష్యుని చేతికిచ్చినది ఈ విజ్ఞానమే.

ఆదర్శ వాయువు అనే భావన ఈ సిద్ధాంతానికి మూలం. అందులో అణువులు బిందుమాత్రమైన గోళాలు. వాటి నడుమ ఆకర్షణ వికర్షణలు ఉండవు. అభిఘాతాలలో వాటి మొత్తం గతిజశక్తి నశించదు. అట్టి వాయువులో ఒక్కొక్క అణువు సగటు గతిజశక్తి పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. వాయువు ఏదైనా, ఉష్ణోగ్రత ఒకటే అయితే అణువుల సగటు గతిజశక్తి కూడా ఒకటే. ఆక్సిజన్ అణువు హైడ్రోజన్ అణువు కంటె పదహారు రెట్లు బరువైనది. ఒకే ఉష్ణోగ్రత వద్ద రెండింటి సగటు గతిజశక్తి సమానం కనుక హైడ్రోజన్ అణువు నాలుగు రెట్లు వడిగా పరుగెత్తుతుంది. 27 డిగ్రీల వద్ద ఆక్సిజన్ వర్గమధ్యమూల వడి సెకనుకు సుమారు 484 మీటర్లు కాగా హైడ్రోజన్ వడి 1,900 మీటర్లకు పైగా ఉంటుంది. చేతికి వెచ్చగా తగిలే ఉష్ణం, కంటికి కనిపించని చలనమే తప్ప వేరొక పదార్థం కాదని ఈ సిద్ధాంతం బోధిస్తుంది.

మాక్స్‌వెల్ సూత్రం సరియైనదే అయినా దాని ఉపపత్తి బలంగా లేదని బోల్ట్‌జ్‌మన్ గ్రహించాడు. 1868లో, ఇరవై నాలుగేండ్ల ప్రాయంలో, ఆ సూత్రాన్ని గురుత్వాకర్షణ వంటి బాహ్యబలాలకు లోనైన వాయువులకు సైతం విస్తరింపజేశాడు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడటం కూడా ఆ సూత్రంలో ఇమిడిపోయింది. నేడు దానిని మాక్స్‌వెల్–బోల్ట్‌జ్‌మన్ వితరణ సూత్రం అంటారు. మరుసటి సంవత్సరమే ఆయన గ్రాజ్ విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1872లో మరొక ప్రశ్నను చేపట్టాడు. ఏ స్థితిలో ఉన్న వాయువైనా చివరకు ఆ వితరణకే ఎందుకు చేరుతుంది? అభిఘాతాల వల్ల అణువుల వేగాలు కాలక్రమాన ఎట్లా మారుతాయో తెలిపే సమీకరణాన్ని సాధించి, ఏ వాయువైనా సమతాస్థితివైపే పయనిస్తుందని నిరూపించ పూనుకొన్నాడు. ఆ సమీకరణం నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది.

గ్రాజ్ పట్టణంలోనే ఆయనకు హెన్రియెట్టె ఫాన్ ఐగెంట్లర్ అనే యువతితో పరిచయమైంది. ఆమెకు గణితమంటే మక్కువ. కాని ఆ రోజులలో విశ్వవిద్యాలయ తరగతులలో స్త్రీలకు ప్రవేశం లేదు. నిరుత్సాహపడక ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొమ్మని బోల్ట్‌జ్‌మన్ ఆమెను ప్రోత్సహించాడు. జీవిత సహచరికి తన భర్త ఆశయాలు అర్థం కావాలని, ఆమె కేవలం గృహనిర్వాహకురాలిగా మిగలరాదని ఆయన అభిప్రాయం. 1876లో వారి వివాహం జరిగింది. వారికి ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగారు.

అదే సంవత్సరం ఒక గట్టి ఆక్షేపణ ఎదురైంది. ఆక్షేపించినవాడు పరాయివాడు కాడు. గురువూ మిత్రుడూ అయిన లోష్మిట్. అణువుల చలనాన్ని శాసించే యాంత్రిక నియమాలలో ముందుకు పోవడం, వెనుకకు పోవడం అనే భేదం లేదు. ఒక క్షణంలో అణువులన్నీ తమ వేగాలను సరిగ్గా వెనుకకు మళ్లిస్తే వాయువు వచ్చిన దారినే తిరిగి పోవాలి. అట్లయితే ప్రకృతిలో మార్పులు ఒకే దిశలో సాగడం ఎందువల్ల? వ్యాపించిన పరిమళం తిరిగి పూవులోకి ఎందుకు చేరదు?

గురువు అడిగిన ప్రశ్నను బోల్ట్‌జ్‌మన్ తిరస్కరించలేదు; ఆ ప్రశ్ననే సోపానంగా చేసుకొన్నాడు. 1877లో ఆయన చెప్పిన సమాధానం విజ్ఞానశాస్త్ర చరిత్రను మలుపుతిప్పింది. తిరిగి చేరడం అసాధ్యం కాదు, అత్యంత అసంభావ్యం. ఒక పెట్టెలో ఇరవై అణువులు మాత్రమే ఉన్నాయనుకొందాం. అవన్నీ ఒకేసారి ఎడమ సగంలో ఉండే అవకాశం 10,48,576 పర్యాయాలలో ఒకటి. ఇరవై అణువులకే ఇట్లా ఉంటే, ఒక ఘన సెంటీమీటరు గాలిలో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. అవన్నీ ఒక ప్రక్కకు చేరడానికి విశ్వం వయస్సు కూడా చాలదు. ఏ స్థితి అత్యధిక విధాలుగా ఏర్పడగలదో, ప్రకృతి ఆ స్థితివైపే సాగుతుంది. ఉష్ణగతికశాస్త్రంలో ఎంట్రోపి అని పిలిచే రాశికి ఈ విధాల సంఖ్యే మూలమని, ఆ సంఖ్య సంవర్గమానానికి ఎంట్రోపి అనులోమానుపాతంలో ఉంటుందని ఆయన నిరూపించాడు. మార్పులేనివని భావించిన ప్రకృతి నియమాలలోకి సంభావ్యత అనే భావన ఆ విధంగా ప్రవేశించింది.

1876 నుండి 1890 వరకు గ్రాజ్‌లో గడిపిన పద్నాలుగేండ్లు ఆయన జీవితంలో ప్రశాంతమైనవి. వేడి వస్తువులు వెలువరించే వికిరణాన్ని గురించి తన గురువు స్టెఫాన్ 1879లో ప్రయోగపూర్వకంగా కనుగొన్న నియమానికి 1884లో ఆయన సైద్ధాంతిక నిరూపణ ఇచ్చాడు. గురుశిష్యుల పేర్లు రెండూ కలిసిన స్టెఫాన్–బోల్ట్‌జ్‌మన్ నియమం నేటికీ నక్షత్రాల ఉష్ణోగ్రతను లెక్కించడానికి ఉపకరిస్తున్నది. కాని 1885లో తల్లి మరణం, 1889లో పదకొండేండ్ల పెద్దకుమారుని అకాలమరణం ఆయన మనస్సును క్రుంగదీశాయి. ఉల్లాసం, విషాదం ఒకదాని వెంట ఒకటి ఆయనను అలలవలె ముంచెత్తసాగాయి. దృష్టిమాంద్యం నానాటికి అధికమైంది. 1890లో మ్యూనిక్‌కు, స్టెఫాన్ మరణానంతరం 1894లో వియన్నాకు, 1900లో లైప్‌జిగ్‌కు, 1902లో తిరిగి వియన్నాకు ఆయన ఉద్యోగస్థానాలు మారుతూ వచ్చాయి.

ఆ దశాబ్దంలోనే అణువాదానికి ప్రతికూలత తీవ్రమైంది. ప్రత్యక్షానుభవానికి అందనిదానికి విజ్ఞానంలో స్థానం లేదని వియన్నాలోని ఎర్న్‌స్ట్ మాక్ వాదించాడు. ప్రకృతిలోని సమస్తాన్ని శక్తి అనే ఒక్క భావనతోనే వివరించవచ్చునని, అణువులతో ప్రసక్తి లేదని రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ప్రచారం చేశాడు. 1895 సెప్టెంబరులో ల్యూబెక్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో బోల్ట్‌జ్‌మన్ ఆ వాదాన్ని ముఖాముఖి ఎదుర్కొన్నాడు. ఆ చర్చను ప్రత్యక్షంగా చూసిన ఆర్నాల్డ్ సొమ్మర్‌ఫెల్డ్ దానిని వృషభానికీ మల్లునికీ జరిగిన పోరాటంతో పోల్చాడు. ఈ పర్యాయం నేర్పరి అయిన మల్లునిపై వృషభమే గెలిచిందని, ఆ వృషభం బోల్ట్‌జ్‌మన్ అని ఆయన అనంతరకాలంలో స్మరించాడు. ఇంతటి వాదప్రతివాదాలు జరిగినా బోల్ట్‌జ్‌మన్, ఓస్ట్‌వాల్డ్‌ల నడుమ వ్యక్తిగతమైన స్నేహం చెడలేదు. 1900లో ఆయన ఆచార్యుడుగా చేరిన లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం ఓస్ట్‌వాల్డ్ పనిచేస్తున్నదే. సిద్ధాంతాలతో విభేదించినా వ్యక్తులను గౌరవించడం ఉత్తమ విద్వాంసుల లక్షణం.

వాయు సిద్ధాంతంపై తన ఉపన్యాసాలను ఆయన 1896, 1898 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. కాలప్రవాహానికి ఎదురీదే ఒంటరి మనిషిగా ఆయన తన్ను తాను భావించుకొన్నాడు. ఈ సిద్ధాంతం తాత్కాలికంగా మరుగునపడినా, దానిని తిరిగి చేపట్టే తరంవారు సమస్తాన్నీ మొదటి నుండి కనుగొనే శ్రమ పడరాదని, అందుకే తాను ఆ గ్రంథం రచిస్తున్నానని రెండవ సంపుటపు పీఠికలో తెలియజేశాడు. తన విజయాన్ని తాను చూడలేకపోయినా, రాబోయే తరానికి బాటవేయాలనే ఆ సంకల్పం ఎంతో ఉదాత్తమైనది.

ఆచార్యుడుగా బోల్ట్‌జ్‌మన్ సాటిలేనివాడు. క్లిష్టమైన విషయాన్ని క్రమబద్ధంగా, హాస్యం జోడించి బోధించేవాడు. అనంతరకాలంలో పరమాణు కేంద్రక విచ్ఛిత్తిని వివరించిన లీజే మైట్నర్, సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో ప్రఖ్యాతి వహించిన పాల్ ఎరెన్‌ఫెస్ట్ ఆయన శిష్యులే. 1905లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆంగ్లంలో ఉపన్యసించి, ఆ యాత్రావిశేషాలను నవ్వు పుట్టించే శైలిలో రచించాడు. ఒకనాడు గురువు ఇచ్చిన వ్యాకరణ గ్రంథం సముద్రాల కావల కూడా అక్కరకు వచ్చింది.

కాని ఆ నవ్వు వెనుక అనారోగ్యం దాగి ఉంది. మనోవ్యాధులకు తగిన చికిత్స లేని కాలమది. 1906 వేసవిలో ఆయన విశ్రాంతి నిమిత్తం కుటుంబంతో ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని డుయినో గ్రామానికి వెళ్లాడు. అక్కడ సెప్టెంబరు 5వ తేదీన తన జీవితాన్ని తానే ముగించుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై రెండేండ్లు. శాస్త్రజ్ఞుల వ్యతిరేకతయే ఇందుకు కారణమని కొందరు చెప్పినా, చిరకాలంగా పీడించిన వ్యాధిని విస్మరించడం న్యాయం కాదు. శరీరానికి వచ్చే వ్యాధి వంటిదే మనస్సుకు వచ్చే వ్యాధి కూడా. సకాలంలో ఆదరణ, చికిత్స అందితే అది నయం కాగలదని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది.

విధి వైపరీత్యం ఏమంటే, ఆయన కోరుకొన్న సాక్ష్యం అప్పటికే వెలుగుచూడనారంభించింది. 1905లో ఐన్‌స్టీన్, నీటిలో తేలే సూక్ష్మరేణువుల ఎడతెగని కదలికకు అణువుల తాకిడియే కారణమని గణితపూర్వకంగా వివరించాడు. 1908లో ఫ్రాన్సు శాస్త్రవేత్త జాఁ పెరాఁ సూక్ష్మదర్శినితో ఆ రేణువులను ఎత్తువారీగా లెక్కించాడు. వాతావరణంలో ఎత్తుకు పోయినకొద్దీ అణువులు ఏ నియమానుసారం తగ్గుతాయో, అదే నియమాన్ని ఆ రేణువులు కూడా పాటించాయి. 1909లో వెలువడిన తన గ్రంథంలో ఓస్ట్‌వాల్డ్ అణువుల ఉనికిని బహిరంగంగా అంగీకరించాడు. 1920లో ఓటో స్టెర్న్ వేడిచేసిన వెండి నుండి వెలువడిన పరమాణువుల వడిని ప్రయోగశాలలో నేరుగా కొలిచాడు. సిద్ధాంతం చెప్పిన వడి ప్రయోగంలో ప్రత్యక్షమైంది. అప్పటికి బోల్ట్‌జ్‌మన్ మరణించి పద్నాలుగేండ్లు గడిచాయి.

వియన్నాలోని కేంద్ర శ్మశానవాటికలో ఆయన పాలరాతి విగ్రహం ఉంది. దాని శిరోభాగాన ఎంట్రోపి సూత్రాన్ని చెక్కారు. అందులోని స్థిరాంకం విలువను 1900లో మాక్స్ ప్లాంక్ గణించాడు. అణువు సగటు గతిజశక్తిని పరమ ఉష్ణోగ్రతతో ముడివేసేది కూడా ఆ బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకమే. ప్రపంచ దేశాలన్నీ అంగీకరించిన మేరకు 2019 మే 20వ తేదీ నుండి ఉష్ణోగ్రతా ప్రమాణమైన కెల్విన్‌ను ఆ స్థిరాంకం ఆధారంగానే నిర్వచిస్తున్నారు. ఒకనాడు పండితులు లేవనుకొన్న అణువుల శక్తియే నేడు లోకమంతటికీ ఉష్ణోగ్రతను కొలిచే ప్రాతిపదిక అయింది.

కంటికి కనిపించనంత మాత్రాన సత్యం లేకుండా పోదు. అయితే కనిపించని సత్యాన్ని నమ్మమని కోరినంత మాత్రాన సరిపోదు. దానిని లెక్కతో నిరూపించాలి, ప్రయోగానికి ఒప్పగించాలి, ఆక్షేపణకు ఓర్పుతో సమాధానం చెప్పాలి. బోల్ట్‌జ్‌మన్ చేసిన పని అదే. ఆలమూరు వీధివాకిట నిలిచినవారిని సన్నజాజి పరిమళం ఆలస్యంగానైనా చేరుతుంది. అసంఖ్యాకమైన అభిఘాతాలను దాటుకొని వచ్చిన ఆ పరిమళం వలెనే బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతం కూడా ఆలస్యంగా లోకాన్ని చేరింది. చేరిన పిదప తొలగిపోలేదు.